ఆరంభశూరుడి ట్యాంకు

మా నాన్న నన్ను పేరు పెట్టి పిలవడం తక్కువ. ‘ఆరంభశూరుడు’ అంటారు. ఆయన తప్పేం లేదు. గిటారు రెండు నెలలు, జర్మన్ క్లాసులు మూడు వారాలు, గేట్ ప్రిపరేషన్ ఒకటిన్నర చాప్టరు. అందుకే "స్కేల్ మోడల్ ట్యాంకు కొన్నాను" అని చెప్తే ఏమీ అనకుండా ఫోన్ అమ్మకిచ్చేశారు. అమ్మేమో "డాబా మీదున్న ట్యాంకే కారుతోంది, ఇంకోటి ఎందుకురా?" అంది. యుద్ధ ట్యాంకమ్మా అన్నాక ఇంకా కంగారుపడింది.

కొన్నది జర్మన్ టైగర్. 1/35 స్కేలు, లోపలి ఇంజను, గేర్‌బాక్సు, గుండ్లతో సహా. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లో సగం దానికే పోయింది. టైగరే ఎందుకంటే గేముల్లో విన్న పేరు అదొక్కటే, పైగా డబ్బా మీద బొమ్మ అదిరింది. నేను చేసిన రీసెర్చ్ అంతే.

మూత తీస్తే ప్లాస్టిక్ ఫ్రేములు దొంతరలుగా ఉన్నాయి. మోడల్ భాగాలన్నీ ఈ ఫ్రేములకే అతుక్కుని ఉంటాయి, వీటిని స్ప్రూ అంటారు. ఒక్కో ముక్కా కత్తిరించి, మిగిలిన బొడిపెను ఉప్పు కాగితంతో రుద్ది, అప్పుడు అతికించాలి. మొదట్లో వచ్చిన టైగర్‌కి ఒక్కో వైపు 8 ఇరుసులు, ఇరుసుకు 3 చక్రాలు. అంటే రెండు వైపులా కలిపి 48. వాటి మీద తిరిగే ట్రాక్‌కి ఒక్కో వైపు 96 లింకులు. నా కిట్‌లో ప్రతి లింకూ విడి ముక్కే, దాని మీద పళ్లు మళ్లీ వేరే ముక్కలు! మొదటి రాత్రి పదకొండు లింకులు చేశాను. రెండో రాత్రి ఆరు. మూడో రాత్రి మా రూమ్మేట్ చెప్పులో ఒకటి దొరికింది. నాలుగో రాత్రి డబ్బా మంచం కిందికి వెళ్లింది.

ఒక సెమిస్టరు మొత్తం అది అక్కడే ఉంది. పడుకునేటప్పుడు డబ్బు కన్నా నాన్న మాటే ఎక్కువ గుచ్చుకునేది.

మళ్లీ కదిలించింది మా మాన్యుఫ్యాక్చరింగ్ క్లాసు. తక్కువ భాగాలు, తేలికగా బిగించే భాగాలు పెట్టి డిజైన్ చేయడం గురించి సార్ చెప్తుంటే నాకు మంచం కింది 48 చక్రాలు గుర్తొచ్చాయి. అసలు టైగర్‌తోనూ ఇదే గొడవ. చక్రాలు ఒకదాని మీదొకటి ఉండటంతో లోపలి చక్రం మార్చాలంటే ముందు బయటివి విప్పాలి. అలాంటివి సుమారు 1,350 మాత్రమే తయారయ్యాయి. అదే యుద్ధంలో సోవియట్ వాళ్లు టి-34లు 50 వేలకు పైగా చేశారు. దానికి వైపుకు 5 పెద్ద చక్రాలే. అంటే ఫ్యాక్టరీలో తేలికైన ట్యాంకు హాస్టల్ టేబుల్ మీద కూడా తేలికే! ప్రతి కిట్‌కీ ఈ లెక్క కుదరదనుకోండి, కానీ నాకు కుదిరింది.

ఈసారి డబ్బా మీద బొమ్మ కాదు, లోపలి స్ప్రూల ఫొటోలు చూశాను. టమియా వాళ్ల పాత టి-34, అదీ 1/35. లోపల ఇంజనూ గింజనూ ఏం లేవు. ట్రాక్ రబ్బరులా వంగే పట్టీ, వైపుకు ఒక్కటి. రంగు ఒక్క ఆకుపచ్చే, కాబట్టి మచ్చల డిజైన్ గొడవ లేదు. ఇంకా చిన్న స్కేళ్లు చవకే, కానీ 1/72లో ముక్కలు మరీ బుల్లివి, నా చేతులకి పనికిరావు. అన్నట్టు, ఈ 1/35 ఏంటి వింత లెక్క అనుకునేవాణ్ణి. టమియా 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు చేసినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టారట. తీరా కొలిస్తే 1/35 దగ్గర తేలింది. మన మినీ ప్రాజెక్టులూ అంతే కదా, ముందు సర్క్యూటు, తర్వాత దానికి సరిపోయే డబ్బా.

పది రాత్రులు పట్టింది. అతికించడానికి ప్లాస్టిక్‌ను కరిగించి కలిపేసే ప్రత్యేకమైన సిమెంటు వాడాలి. కిటికీ తీసి పెట్టుకోండి, వాసన ఘాటుగా ఉంటుంది. ఆ సిమెంటు రబ్బరు ట్రాక్‌ని పట్టలేదు. చివరికి అమ్మ హాస్టల్‌కి ఇచ్చిన సూదీ దారంతో కుట్టేశాను. అసలు టి-34 ట్రాక్ పైభాగం బరువుకి చక్రాల మీద వాలి ఉంటుంది, నాదేమో బిగుతుగా నిలబడింది. దాన్ని ఫెవిక్విక్‌తో చక్రాలకి అంటించి, ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకున్నాను. ఒక చక్రం కొంచెం వంకర. ఒకచోట సిమెంటులో నా వేలిముద్ర పడింది. యుద్ధకాలపు టి-34ల పోతపని కూడా గరుకుగానే ఉండేది కాబట్టి దాన్ని అలాగే వదిలేసి రంగు వేశాను.

అర్ధరాత్రి ఫొటో తీసి నాన్నకి పంపాను. రెండు బ్లూ టిక్కులు. చాలాసేపు ఏమీ లేదు. పొద్దున లేచేసరికి రిప్లై ఉంది:

"బాగుంది. గిటారు ఇంకా అటక మీదే ఉంది, పండక్కి వచ్చినప్పుడు దించుతాను."