గోదాలో మాటలు

శ్రీకాకుళం నుంచి టెక్కలి వెళ్తూ, కోటబొమ్మాళి మండలంలోని నిమ్మాడ దాటుతుండగా, జూడో నేర్చే మా శిష్యుడు “దీని మాటలన్నీ జపాను భాషలోనే ఎందుకు?” అని అడిగాడు. ఉత్తరాంధ్ర మల్లయోధుడు కోడి రామమూర్తిని మేము గుర్తుచేశాము. ఆయన విద్యలోని కుస్తీ, పహిల్వాను పారసీకం నుంచి వచ్చినవే. మదరసాలోని ‘ఉస్తాద్’ తెలుగు గోదాలో ‘వస్తాదు’ అయ్యాడు. విద్య వెంట మాటలూ ప్రయాణిస్తాయి.

1882లో జిగొరో కానో టోక్యోలో ప్రారంభించిన జూడో అలాంటిదే. ఏ దేశపు పోటీలోనైనా ‘హజిమే’ అంటే మొదలుపెట్టండి, ‘మతే’ అంటే ఆగండి. అన్నిటికన్నా ముందు నేర్వవలసినది ‘మైత్తా’, అంటే ‘ఓడిపోయాను’. ప్రత్యర్థి ఆ మాట అన్నా, చేత్తో రెండుసార్లు తట్టినా వెంటనే పట్టు వదలాలి. లేకుంటే మోచేయి విరగవచ్చు. ఓడినవాని మాట మన్నించడమే బలవంతుని అదబ్.