మూడు పంటలు పోయాక నాలుగోదానికి ఎంత పెట్టాలి?

మా కురబలకోట వైపు పేకాట అంటే పండక్కి చెట్టు కింద ఆడే రమ్మీ. అసలు ఆట మాత్రం చేలో జరుగుతుంది. దాని పేరు టమాటా. నమ్మకపోతే పొద్దున్నే మదనపల్లె మార్కెట్‌కి పోయి, వేలం పాట జరిగేటప్పుడు రైతుల మొహాలు చూడండి.

పోకర్ నాకు నేర్పింది హాస్టల్ రూమ్మేట్. డబ్బుల్లేవు, చెనక్కాయ గింజలతోనే ఆడేవాళ్లం. (యాప్ పేరు అడగొద్దు. డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడటాన్ని మన రాష్ట్రం 2020లోనే ఆపేసింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది.) వాడు ముక్కల కంటే ముందు బ్యాంక్‌రోల్ గురించి చెప్పాడు. ఆటకని పక్కన పెట్టుకున్న మొత్తమే బ్యాంక్‌రోల్. ఇంటి ఖర్చు, ఫీజులు, అమ్మ మెడలో బంగారం అందులోకి రావు. జాగ్రత్తగా ఆడేవాళ్లు ఒకసారి కూర్చుంటే అందులో ఇరవయ్యో వంతు కంటే ఎక్కువ బల్ల మీద పెట్టరంట.

అంత భయమెందుకు? బాగా ఆడేవాడు కూడా వరసగా ఓడిపోతాడు కాబట్టి. పదిలో ఆరు గెలిచేవాడిని తీసుకోండి. వాడు వరసగా మూడు ఆటలు ఓడే అవకాశం వందకి ఆరు పైనే. ఏడాది పొడుగునా ఆడితే ఆ మూడూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరతాయి. ఇంకోటి, లక్షలో యాభై వేలు పోతే మిగిలిన యాభై వేలు రెట్టింపు అయితేనే మళ్లీ మొదటికి వస్తాం.

మా ఇంట్లో ఆ మూడూ వచ్చేశాయి. సేద్యానికని ఆరు లక్షలు ఉండేది. ఎకరా టమాటాకి నారు, కట్టెలు, మల్చింగ్ షీటు, మందులు, కూలీలు అన్నీ కలిపి మాకు లక్షన్నర అవుతుంది. మొదటి పంట మూడెకరాలు, లక్షన్నర పోయింది. రెండోసారి రెండెకరాలు, లక్షా ఇరవై పోయింది. మూడోసారి కూడా రెండెకరాలే, లక్షా ఎనభై పోయింది. మిగిలింది లక్షన్నర.

అప్పుడు నాయన తీసిన ప్లాను: మండీలో మూడు లక్షలు అడ్వాన్సు తెచ్చి, పక్కోళ్ల చేను గుత్తకి పట్టి, మూడెకరాలు పెట్టడం. "ఈ తూరి అంతా లాగేయాల" అన్నాడు.

పోకర్లో దీన్ని టిల్ట్ అంటారు. ఓడిన కసి లెక్క వేస్తుంది, మనిషి వేయడు. అడ్వాన్సు తెస్తే కాయ ఆ మండీకే తోలాలి కాబట్టి, ధర నచ్చకపోతే ఇంకో చోటికి పోయే దారి కూడా ఉండదు.

జాన్ కెల్లీ లెక్క చెప్పి చూశాను. అమెరికా బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే ఆయన 1956లో రాసిన సూత్రం అది. గెలిచే అవకాశం అరవై శాతం ఉండి, పెట్టినంతకి అంత లాభం వచ్చే పందెంలో కూడా చేతిలో ఉన్నదాంట్లో ఇరవై శాతమే పెట్టమంటుంది. మన టమాటాకి ఆ అరవై ఉందో లేదో ఎవరికి తెలుసు?

నాయన ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. "రేయ్, మీ ఆటలో ముక్క బాగలేకుంటే పడేస్తారు. నాటిన చెట్టుని పడేస్తామా?" అన్నాడు.

నిజానికి పడేస్తాం. కోత కూలీ, క్రేట్ల బాడుగ, లారీ, కమీషన్ కలిపిన దానికంటే ధర తక్కువైతే కాయల్ని చెట్టుకే వదిలేస్తారు మనోళ్లు. టీవీలో చూసేవాళ్లకి అది వృథాగా కనిపిస్తుంది. నా లెక్కలో అది ముక్కలు కింద పెట్టేయడమే. పోయిన లక్షన్నర ఎట్లాగూ పోయింది, కోతకి పెట్టే పదివేలు మిగులుతాయి. ఇంత కఠినమైన పని తెలిసిన మనిషి, నాటే ముందు మాత్రం ఎందుకు ఆగలేడో నాకు అర్థం కాదు.

ఒక్క తేడా ఉంది. పోకర్లో పక్కోడు కసితో ఆడితే మనకి లాభం. టమాటాలో పక్కోడి ఆశ మన నెత్తినే పడుతుంది. 2023 జూలైలో మదనపల్లెలో కిలో వంద దాటింది కదా. అది చూసి అందరూ నాటారు. సెప్టెంబరు వచ్చేసరికి ధర కుప్పకూలింది. అందుకే నేను యూట్యూబ్‌లో ధరల వీడియోలు చూడటం మానేసి, నర్సరీలు చూస్తున్నా. నారుకి నెల, నాటాక మొదటి కోతకి రెండు నెలలకి పైనే. అంటే ఇవాళ నర్సరీలో క్యూ ఉంటే, మూడు నెలల తర్వాత మార్కెట్లో కాయ ఎక్కువ. ఎదుటోడి చెయ్యి ముందే కనిపించినట్టు! వానలూ తెగుళ్లూ ఈ లెక్కని తప్పించవచ్చు, అది వేరే సంగతి.

రెండు రాత్రులు వాదించుకున్నాక తేలింది ఇది. అడ్వాన్సు వద్దు. టమాటా అరెకరానే, అది కూడా రెండు ముక్కలుగా, ఇరవై రోజుల తేడాతో. కోతలు వేరే వేరే వారాల్లో పడితే ఒకే ధరకి మొత్తం చిక్కుకోం. ఎకరాలో చెనిక్కాయ. పాల డబ్బులు ఇంటికే, చేనులోకి పైసా రాకూడదు. ఈ చివరి షరతు అమ్మది. పోకర్ పుస్తకాలు చదవకుండానే బ్యాంక్‌రోల్ అర్థమైన మనిషి మా ఇంట్లో ఆమే.

అరెకరాకి డెబ్బై అయిదు వేలు, అంటే ఉన్నదాంట్లో సగం. మా రూమ్మేట్ వింటే ఇది కూడా ఎక్కువే అంటాడు. కానీ ఇరవయ్యో వంతు లెక్కన పోతే మా చేలో రెండు సాళ్లు కూడా నాటలేం.

మొదటి కాలెకరా నాటేశాం. రెండో దాని నారు కోసం మొన్న నర్సరీకి పోతే బయట వరసగా ఆటోలు, లోపల ట్రేలు ఖాళీ. ఓనరు వారం తర్వాత రమ్మన్నాడు. నాయన ఆటోలు లెక్కపెట్టాడు. పదకొండు.

"వారం కాదు, నెల ఆగుదాం పా" అని బండి తిప్పాడు.