శీతసరస్సు కడ విశ్రాంతి

విశ్రాంతి యను మాటకు మన యిండ్లలో నొక యర్థము స్థిరపడియున్నది. యజమానుడు ఉద్యోగము చాలించుకొని, వాలుకుర్చీలో గూర్చుండి, వార్తాపత్రికను మొదటి యక్షరము మొదలు తుదియక్షరము వరకు జదివి, నడుమ నడుమ కాఫీకై కేక వేయుట యని దాని తాత్పర్యము. ఆ కాఫీ కాచి తెచ్చువారికి విశ్రాంతి యెప్పుడని యడుగువా రరుదు. పూర్వులు వార్ధకమును గూర్చి యోజింపకపోలేదు. దేహమున ముడతలును, తలను నెరపును, కొడుకునకు గొడుకును గానవచ్చినప్పుడు గృహస్థుడు వనమునకు బోవలయునని మనుస్మృతి యాఱవ యధ్యాయము విధించుచున్నది. పోవునప్పుడు భార్యను కుమారుల కప్పగింపవచ్చును, లేదా వెంట గొనిపోవచ్చును. ఆమె యిష్టమేమో యచ్చట జెప్పబడలేదు.

ఈ విషయమును మేము గ్రంథములలో కంటె నొక గడ్డకట్టిన సరస్సు నొడ్డున స్పష్టముగ జూచితిమి. అమెరికా సంయుక్తరాష్ట్రముల యుత్తరపుటంచున మిన్నెసోటా యను రాష్ట్రము కలదు. పదియెకరములకు దక్కువగాని సరస్సులే యచ్చట 11,842 ఉన్నవని ప్రభుత్వపు లెక్క. పూర్వము మా యొద్ద జదువుకొన్న శిష్యుడొకడు అచ్చట గాపురముండుటచేత నొక డిసెంబరు మాసమున గొన్ని వారము లాతని యింట నుంటిమి. ఆతని పొరుగున, నీటియొడ్డుననే, డెబ్బదియేండ్లు దాటిన దంపతులు నివసించుచుండిరి. ఆయన రైలు కంపెనీలోను, ఆమె పాఠశాలలోను బనిచేసి విరమించినవారు. వేసవి సెలవులకై కట్టుకొన్న చిన్నయింటిని క్రమముగ బెంచుకొని, ఉద్యోగములు ముగిసిన పిదప దానినే నివాసముగ జేసికొనిరి. క్రిస్మసు పండుగ బిడ్డలతో గడపి, జనవరి మొదటివారమున దక్షిణమున నున్న అరిజోనాకు బోయి, వసంతమున మంచు కరగునప్పటికి మరలివచ్చుట వారి వాడుక. ఇట్టివారిని ఆ దేశమువారు మంచుపక్షులని పిలుతురు.

డిసెంబరులో నచ్చట సూర్యుడు ఎనిమిదిగంటలకు గొంచెము ముందుగ నుదయించి, నాలుగున్నరకే యస్తమించును. ఆ కొద్దిపాటి పగటిని వారు వాడుకొను విధము చూడవలసినదే. లేచిన వెంటనే ఆయన గుమ్మము వెలుపలి ఉష్ణమాపకమును జూచి, ఆ యంకెను గోడమీది క్యాలెండరునందు వ్రాయును. సున్నకు దిగువ 20 డిగ్రీలని వ్రాసిన దినమున సైతము దారిలోని మంచును పారతో దీయుట మానడు. ఆమె చెట్టుకు గట్టిన పెట్టెలో బొద్దుతిరుగుడు గింజలు పోయును. నల్లతల చిన్నపిట్టలును, వడ్రంగిపిట్టలును వచ్చి వానిని దినును. పిదప నామె పొయ్యికి గట్టెలు మోసితెచ్చును. ఆయన రొట్టె కాల్చి, కాఫీ కాచి బల్లపై బెట్టును. ఒకదినమున నాయన, మఱునా డామె వండుట వారి యేర్పాటు. వండినవారు గిన్నెలు కడుగనక్కఱలేదు.

మా శిష్యుని తల్లిదండ్రులు గూడ నప్పుడచ్చటనే యుండిరి. కోడలి కానుపునకై వచ్చినవారు. ఆ తల్లి యొకనాడు పొరుగింటి వృద్ధుడు గిన్నెలు తోముచుండుట చూచి, "మీవారు మీకెంత సహాయం చేస్తారండీ!" యని కుమారునిచేత నామె కనువదింపజేసెను. ఆమె నవ్వి, "సహాయమేమిటి? ఆయనా భోజనం చేస్తున్నారు కదా" యనెను. మన యిల్లాలు క్షణకాల మూరకుండి, మా వంకకు దిరిగి, "మాష్టారూ, మావారు రిటైరై నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ నాకు పని రెట్టింపయింది. అంతకుముందు పగలంతా ఆఫీసులోనైనా ఉండేవారు" అనెను. ఆ భర్త మా ప్రక్కనే కూర్చుండి పత్రిక చదువుచుండెను. పుట దిప్పెను గాని మాటాడలేదు.

మధ్యాహ్నములందు ఆ వృద్ధదంపతులు సరస్సుపైకి బోవుదురు. దానికి బూర్వము తప్పక బరమాతో మంచునకు దూటు వేసి మందము కొలుతురు. స్వచ్ఛమైన క్రొత్త మంచు కనీసము 4 అంగుళములున్నగాని మనుష్యుడు దానిపై నడువరాదని రాష్ట్రప్రభుత్వము హెచ్చరించుచుండును. కొలుచుట యామె వంతు. ఆమె చాలునన్నగాని యాయన యడుగు పెట్టడు. పిదప నొక చిన్న గుడారము వేసికొని, తూటులోనికి గాలము దింపి చేపలకై వేచియుందురు. పైన నంత గడ్డకట్టినను క్రింద జేపలెట్లు బ్రదుకునని మేమడుగగా, ఆ పూర్వోపాధ్యాయిని మాకు బాఠము చెప్పెను. నీరు 4 సెంటీగ్రేడు డిగ్రీల యొద్ద మిక్కిలి బరువెక్కి యడుగునకు దిగును. అంతకన్న జల్లబడినచో దేలికయై పైకి వచ్చును. అందుచే మంచు పైననే కట్టి కంబళివలె గప్పుకొనగా, అడుగున నీరు నీరుగనే నిలుచును. శాస్త్ర మెఱిగినదే యైనను, ఆ మంచుపై నిలిచి వినుటచే మా కది క్రొత్తగ దోచెను.

ఆ నీటిగుణమే యిల్లు విడుచునప్పుడు శత్రువగును. గడ్డకట్టునప్పుడు నీరు నూటికి రమారమి తొమ్మిదిపాళ్లు పెరుగును. గొట్టములలో నిలిచిన నీరట్లు పెరిగినచో గొట్టములు పగిలి, మంచు కరగిన దినమున నిల్లెల్ల జలమయ మగును. కావున ప్రయాణమునకు ముందు వారు చేయు పని చిన్న యజ్ఞము వంటిది. ప్రధానపు గొళాయి కట్టవలయును. వేడినీటి తొట్టి వెలిబుచ్చవలయును. గొట్టములలోనికి గాలి కొట్టి నీటిని వెడలగొట్టి, మురుగుదారుల వంపులలో గడ్డకట్టని ద్రవమును బోయవలయును. తినుబండారము లెలుకల కందకుండ జూచుకొనవలయును; ఉత్తరములు క్రొత్త చిరునామాకు బోవునట్లు తపాలావారికి దెలుపవలయును. ఈ పనుల పట్టిక యొకటి వంటింటి తలుపు వెనుక నంటించియుండెను. అందు ఆయన పనులు, ఆమె పనులు అను విభాగము లేదు. ఏటేట పనులు మార్చుకొందురట. కారణ మడుగగా ఆయన, "మాలో నొకరే మిగిలినప్పుడు ఇల్లు మూయుట వారికి దెలిసియుండవలదా?" యనెను. మరణమును గూర్చి యంత నెమ్మదిగ, పనిముట్టును గూర్చి చెప్పినట్లు చెప్పుట మేము మునుపు వినలేదు.

ఈ జీవన మాకాశమునుండి యూడిపడినది గాదు. 1935లో సాంఘికభద్రతా చట్టమును, 1965లో నఱువదియైదేండ్లు దాటినవారికి వైద్యవ్యయమును భరించు మెడికేర్ చట్టమును ఆ దేశమున నేర్పడినవి. 1960 జనవరి 1న అరిజోనాలో సన్ సిటీ యను వృద్ధుల పట్టణము తెఱువబడినది. అట్లని యచ్చటి వృద్ధులందఱు నిట్లున్నారని తలపరాదు. రెండుచోట్ల నివాసము ధనముతో గూడినది. ఇంటిపన్నుకే చాలని పింఛనుతో జలికాలమంతయు నొంటిగ గడపువా రచ్చటను గలరు. ఈ దంపతుల బిడ్డలును దూరరాష్ట్రములందే యున్నారు. పండుగ మఱునాడు మనుమలు వెడలిపోయిన పిదప ఆమె కిటికీయొద్ద జాలసేపు నిలిచియుండుట మేము చూచితిమి. ఆ సరస్సులలో లూన్ అను నీటిపక్షి కలదు. అదియే మిన్నెసోటా రాష్ట్రపక్షి. శరత్తున బెద్దపక్షులు ముందుగ దక్షిణసముద్రమునకు బోవును. పిల్లలు పిదప దమంతట దారి వెదకికొనును. అచ్చటి మనుష్యులలో మాత్రము పిల్లలే ముందు పోవుచున్నారు.

మనవారును నేడు మంచుపక్షులే. సందర్శకుల వీసాపై సామాన్యముగ నాఱుమాసముల యనుమతితో నెందఱో తెలుగు తల్లిదండ్రులు సముద్రములు దాటుచున్నారు. అయితే యందు దల్లి పయనము తఱచు కానుపును బట్టి నిర్ణయింపబడును. ఇచ్చటి వంటింటినుండి యచ్చటి వంటింటికి బోవుటకు ప్రయాణమని పేరేగాని విశ్రాంతి యని పేరు చెల్లదు. ఉద్యోగవిరమణ వయస్సు తెలంగాణమున 2021లో 61 ఏండ్లకును, ఆంధ్రప్రదేశమున 2022లో 62 ఏండ్లకును బెంపబడినది. గృహిణి విరమణవయస్సును ఏ ప్రభుత్వమును బ్రకటింపలేదు. 2019లో భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, వేతనము లేని యింటిపని చేయువారు నూటికి స్త్రీలలో 81 మందియు, పురుషులలో 26 మందియు నని తేలినది. ఆ పని చేయు స్త్రీ దినమునకు 299 నిమిషములును, చేయు పురుషుడు 97 నిమిషములును దానికి వెచ్చించుచున్నారు.

మా సహోపాధ్యాయు డొకడు విరమించినప్పుడు సభ జరిపి, శాలువ కప్పి, ఉపన్యాసములు చెప్పితిమి. ఆ సాయంకాల మాతని యింట నలువదిమందికి విందు. వండిన యిల్లాలు వడ్డన ముగియువఱకు వెలుపలికి రాలేదు. మఱునా డుదయమున నాతడు ఆలస్యముగ లేచెను. ఆమె యెప్పటివలె నైదుగంటలకే లేచెను. రెండేండ్లకు ఆతడు గతించెను. అప్పుడు కుటుంబపింఛనునకు గావలసిన కాగితము లెచ్చట నున్నవో, బ్యాంకులో నెవ్వరి నడుగవలయునో ఆమెకు దెలియదు. ముప్పదియేండ్లు గణితము బోధించినవాని యిల్లది. దీనికి బ్రతిగ, భార్య పోయిన పిదప బియ్యపుడబ్బా వెదకుకొనలేక కోడలి మొగము చూచుచు గూర్చున్న పండితులను సైతము మే మెఱుగుదుము.

చదువరులారా, మనకు గడ్డకట్టు సరస్సులు లేవు; రెండవ యిల్లు కట్టుకొను సంపద యందఱికి లేదు. కాని తలుపు వెనుక నంటించుకొనుటకొక కాగితము ప్రతియింట గలదు. విరమించిన పురుషుడు మొదటి యేడాదిలోనే రెండుపూటల భోజనము వండ నేర్చుకొనవలయును. ఏటేట సమర్పింపవలసిన జీవనధ్రువపత్రము, బ్యాంకు పుస్తకము, ఇంటి దస్తావేజు ఎచ్చట నున్నవో భార్య స్వయముగ దీసి చూచియుండవలయును. ఏటికొక మాసమైన నిరువురును గానుపు నిమిత్తము గాక, మ్రొక్కుబడి నిమిత్తము గాక, తమ సంతోషము నిమిత్తమే యెచ్చటికైన బోవలయును. ఎచ్చటికో నిర్ణయించు వంతు ఈసారి యామెకే యీయవలయును. పదవీవిరమణ సభలకు మమ్ము బిలుచు మిత్రులకు మా విన్నప మొక్కటి: ఆనాటి విందు హోటలునుండి తెప్పింపుడు, శాలువలు రెండు కొనుడు.