గుండ్రంగా ఆడితేనే చెక్కభజన!

కదిరి తేరు చూడ్డానికి రెండు కళ్లు చాలవంటారు. నిజమే! ఫాల్గుణ మాసం... ఎండ అప్పుడప్పుడే నెత్తికెక్కుతుంటుంది. ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి తేరు కదలగానే వీధులన్నీ జనసంద్రం. మిద్దెల మీంచి, అరుగుల మీంచి దవనం, మిరియాలు తేరు మీదికి వానలా కురుస్తాయి.

ఆ సందట్లో ఒక్క క్షణం కళ్లు మూసుకుని వినండి. గోవింద నామాల మధ్య నుంచి మరో చప్పుడు వినిపిస్తుంది. కొయ్య మీద కొయ్య, దానికి తోడు గజ్జెల మోత. అదే చెక్కభజన... రాయలసీమ పల్లెల సొంత ఆట!

ఒక చేతిలో రెండు చెక్కలు. ఒకటి బొటనవేలికి, ఇంకోటి మిగతా వేళ్లకు. వాటికి బిగించిన రేకు బిళ్లలు ఘల్లుమంటాయి. గురువు మధ్యలో నిలబడి పాట ఎత్తుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. రామాయణ, భాగవత కథలే ఎక్కువ. పాటతోపాటు అడుగు మారుతుంది, ఊపు పెరుగుతుంది.

అయితే, ఇప్పుడు తేరు ముందు కనిపించేదంతా అసలైన చెక్కభజనేనా? ఏ ఊరి రచ్చబండ దగ్గర అడిగినా ఈ ప్రశ్నకు పెద్ద తగవే నడుస్తుంది. సినిమా పాటల వరుసల్లో భజన ఏమిటని పెద్దల విసుగు. వరుస ఏదైతేనేం, పాడేది దేవుణ్ణే కదా అని కుర్రాళ్ల జవాబు!

రాత్రి బడి

అసలు ఈ ఆట నేర్పే పద్ధతే వేరు. పంట ఇంటికొచ్చి పనులు తగ్గాక, రాత్రి అన్నాలు తిని రామాలయం ముందు చేరేవారు. పక్క ఊరి నుంచి గురువును పిలిపించుకునేవారు. భోజనం ఊరివాళ్లే పెట్టేవారు. లెక్కలు చెప్పి నేర్పడం ఉండదు. గురువు అడుగు చూడాలి, వేయాలి, తప్పాలి, మళ్లీ వేయాలి. పక్కవాడి చెక్క వింటూ తన చెక్క కలపాలి. పాట ఎప్పుడు మలుపు తిరుగుతుందో గురువుకే తెలుసు. గొంతు విని కాలు మారాలి.

వేదికెక్కాక ఈ లెక్క మారింది. ముందే రికార్డు చేసిన పాట, ముందే కూర్చిన అడుగులు. చూసేవాళ్లు ఎదురుగా ఉంటారు కాబట్టి వలయం విచ్చుకుని వరుస అవుతుంది. ముఖాలు ఒకరివైపు ఒకరు కాకుండా ప్రేక్షకుల వైపు తిరుగుతాయి. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ మధ్యలో గురువుండే చోటు ఖాళీ!

టాంగోకూ ఇదే తంటా

ఈ తగవు మనదొక్కరిదే అనుకోకండి. అర్జెంటీనాలో పుట్టి ప్రపంచాన్ని ఊపిన టాంగో నాట్యానిదీ ఇదే కథ. 19వ శతాబ్దం చివర బ్యూనస్ ఎయిరిస్, మాంటెవీడియో పేటల్లో వలసొచ్చిన బీదాబిక్కీ ఆడుకున్న ఆట అది. 2009లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. బ్యూనస్ ఎయిరిస్‌లో జరిగే ప్రపంచ పోటీల్లో రెండు విభాగాలున్నాయి. ఒకటి వేదిక టాంగో... ఎగరొచ్చు, గాల్లోకి లేపొచ్చు. రెండోది జనం మధ్య ఆడే టాంగో. ఏ పాట వస్తుందో ముందు తెలియదు. గెంతులు కుదరవు. జోడీలన్నీ గుండ్రంగా తిరుగుతూ, అప్పటికప్పుడు అడుగు కల్పించుకోవాలి. రెండూ టాంగోయే. ఏది ఎవరికోసమో వాళ్లు విడదీసి పెట్టుకున్నారు, అంతే.

మన తగవుకూ దారి ఇక్కడే ఉందనిపిస్తుంది. పాట పాతదా కొత్తదా అన్నది కాదు ముఖ్యం. ఆ పూట పుట్టిన పాటకు పది మంది కాళ్లు ఒకటవుతున్నాయా లేదా అన్నదే అసలు పరీక్ష.

రాతిలో దొరకదు

కాకతీయుల నాటి పేరిణి మరుగునపడితే, జాయపసేనాని 'నృత్తరత్నావళి' చదివి, రామప్ప గుడి శిల్పాలు చూసి నటరాజ రామకృష్ణ దానికి మళ్లీ ప్రాణం పోశారు. చెక్కభజనకు అలాంటి శిల్పాల ఆసరా లేదు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి వంటివారు జానపద కళల గురించి పుస్తకాలు రాశారు. కానీ పుస్తకం చదివి కాలు కదపలేం. ఇది కాలి నుంచి కాలికి అందాల్సిందే.

ఆ కాళ్లే కరువవుతున్నాయి. కదిరి పేరుతో వేరుసెనగ వంగడాలున్నాయి గానీ, వాన మొహం చాటేస్తే ఏ వంగడమైనా ఏం చేస్తుంది? కుర్రాళ్లు పనులు వెతుక్కుంటూ బెంగళూరు బస్సెక్కుతారు. ఊళ్లో పది మంది లేకపోతే వలయమే కుదరదు. అప్పుడు గురువున్నా ఎవరికి నేర్పుతాడు?

అందుకే తేరుకు వెళ్లినప్పుడు దేవుడికి దణ్ణం పెట్టుకుని, కాసేపు ఆ వలయం దగ్గర ఆగండి. సెలవు పెట్టి బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడెవరో ఒకడు, మరిచిన అడుగును పక్కవాణ్ణి చూసి అందుకుంటూ ఉంటాడు. వాడు తడబడినా ఫర్వాలేదు... అసలైన చెక్కభజన అదే!

ఎలా వెళ్లాలి?

కదిరి ధర్మవరం-పాకాల రైలు మార్గంలో ఉంది. అనంతపురం నుంచి బస్సులుంటాయి. బ్రహ్మోత్సవాలు ఏటా ఫాల్గుణంలో, సాధారణంగా మార్చిలో వస్తాయి. దగ్గర్లోనే తిమ్మమ్మ మర్రిమాను, కటారుపల్లెలో వేమన సమాధి చూడొచ్చు.