ఒకే ప్రశ్నపత్రం ఇస్తే న్యాయమేనా?

పదో తరగతి బోర్డు పరీక్షలు అయిపోయాక ఒక విద్యార్థి మా దగ్గరికి వచ్చి సూటిగా అడిగాడు. "మేడమ్, మా క్లాసులో ఒకడికి మూడు గంటల పేపరుకి నాలుగు గంటలు ఇచ్చారు. మాకు మూడే. ఇది న్యాయమేనా?"

అసూయతో అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాడు. అందుకే మేమూ ఆలోచించి జవాబు చెప్పాం.

ఆ అబ్బాయికి డిస్‌లెక్సియా ఉంది. ఒక్కో వాక్యం రెండు మూడుసార్లు కూడబలుక్కుంటే గాని అర్థం చిక్కదు. మన దేశంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఇదీ ఉంది. అందుకే బోర్డు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తుంది. చేత్తో రాయలేని వారికి రాసిపెట్టే మనిషిని ఇస్తుంది. చూపు లేని వారికి బొమ్మల ప్రశ్నలకు బదులు వేరే ప్రశ్నలు ఇస్తుంది.

ఆ అదనపు గంటలో మేము ఇన్విజిలేటర్లుగా కూర్చున్నాం. వాడికి రాని జవాబు ఆ గంటలో కొత్తగా రాలేదు. వచ్చినదాన్ని కాగితం మీద పెట్టగలిగాడు, అంతే. సాంఘిక శాస్త్రం పేపరు చూడాల్సింది వాడికి చరిత్ర ఎంత తెలుసో గాని, ఎంత వేగంగా చదవగలడో కాదు కదా!

ఇదంతా చెప్పాక మా విద్యార్థి ఒప్పుకున్నాడు. కానీ మాకే మరో పిల్లవాడు గుర్తుకొచ్చి మనసు చివుక్కుమంది.

కొన్నేళ్ల క్రితం, ఇంకో పోస్టింగులో మాట. ఆ అబ్బాయి ఎనిమిది దాకా శ్రీకాకుళం జిల్లాలో అమ్మమ్మ దగ్గర తెలుగు మీడియంలో చదివాడు. నాన్నకు బదిలీ కావడంతో తొమ్మిదిలో మా దగ్గర చేరాడు. పదిలో ప్రీబోర్డు లెక్కల్లో పోయాడు. 'గణితంలో బాగా వెనుకబడ్డాడు' అని రిపోర్టు కార్డులో రాసి మేమే సంతకం పెట్టాం.

ఒకరోజు ఆ పేపరు పట్టుకుని వచ్చి, "మేడమ్, ల్యాడర్ అంటే ఏంటండీ?" అన్నాడు. తెలుగు టీచర్లం కాబట్టి మాటల సందేహాలు మా దగ్గరికే వస్తాయి. "నిచ్చెన" అన్నాం. వాడి ముఖం వెలిగింది. గోడా, నిచ్చెనా గీసి రెండు నిమిషాల్లో లెక్క తేల్చేశాడు. 'యాంగిల్ ఆఫ్ డిప్రెషన్' అంటే నిమ్నకోణమని చెప్పగానే ఇంకొకటి చేసేశాడు. వెనుకబడింది లెక్కల్లో కాదు. ఆ సంగతి మాకు తెలిసేసరికి బోర్డు పరీక్షకు నెల కూడా లేదు. పాసయ్యాడు గాని, సైన్సు గ్రూపుకు మార్కులు చాల్లేదు. భాష మారిన పిల్లవాడికి అదనపు గంట ఇచ్చే నియమం లేదు. మేము ముందే కనుక్కుని ఉంటే ఆ నియమంతో పనే ఉండేది కాదు.

ఈ చిక్కు మనదొక్కరిదే కాదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీయుల పిల్లల కేసు అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అందరికీ అవే పుస్తకాలు, అదే పాఠం ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని 1974లో కోర్టు చెప్పింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2003 బ్యాచి నుంచి హైస్కూలు పట్టా కావాలంటే రాష్ట్ర పరీక్ష పాసవ్వాలన్న షరతు ఉండేది. చివరిదాకా గట్టెక్కలేని వారిలో ఎక్కువమంది ఇంగ్లీషు నేర్చుకుంటున్న వలస పిల్లలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. 2024 నవంబరులో ప్రజలే ఓటు వేసి ఆ షరతు తీసేశారు. పరీక్ష మాత్రం ఇంకా ఉంది. షరతు తీసేస్తే పట్టాకు విలువేముంటుందని వాదించినవారూ ఉన్నారు. వారి మాటనూ కొట్టిపారేయలేం. పరీక్ష లేకపోతే ఎవరికి ఏం రాలేదో బయటపడదు, నేర్పాల్సిన మనమూ తప్పించుకుంటాం.

కాబట్టి మేము పరీక్షలు వద్దనడం లేదు. పరీక్ష దేన్ని కొలవాలో దాన్నే కొలవాలి. లెక్కల పేపరు లెక్కల్నే కొలవాలి.

ఆ అబ్బాయి తర్వాత మేమొక అలవాటు చేసుకున్నాం. కొత్తగా చేరిన పిల్లల చేత ప్రతి పాఠంలో తెలియని మాటలు ఒక నోట్‌బుక్‌లో రాయిస్తాం. వాళ్లు ఆ మాట తమ భాషలో చెబుతారు, మేమూ నేర్చుకుంటాం.

పిల్లలూ, మీరంతా బదిలీల మీద ఊళ్లు మారేవారే. ఈ ఏడు మీ పక్క బెంచీలో కూర్చున్న కొత్త స్నేహితుడి అవస్థ వచ్చే ఏడు మీది కావచ్చు. వాడు మాట అర్థం అడిగితే నవ్వకండి, చెప్పండి. మీకు తెలియకపోతే మీరూ సిగ్గుపడకుండా అడగండి. రిపోర్టు కార్డు మీద సంతకం పెట్టకముందే అడగండి.