పగ్గం వదిలిన రోజు

ఇస్తాంబుల్ ప్రయాణానికి నెల రోజుల ముందే నేనొక కార్యక్రమ పట్టిక తయారు చేసుకున్నాను. ఏడు రోజులు, 22 ప్రదేశాలు. ఒక్కొక్క చోట ఎన్ని నిమిషాలు గడపాలో కూడా అందులో రాసుకున్నాను. అమ్మీకి మోకాళ్ల నొప్పులని తెలుసు. అయినా ఇంత ఖర్చుతో అంత దూరం వెళ్తూ ఏదీ వదలకూడదన్నదే నా పట్టుదల.

మొదటి రెండు రోజులు పట్టిక ప్రకారమే గడిచాయి. మిమార్ సినాన్ నిర్మించిన సులేమానియా మసీదు ప్రాంగణంలో నిలబడి నీళ్లపై సాగే నౌకలను తన్మయంగా చూస్తున్న అమ్మీని, ఆలస్యమవుతోందంటూ కదిలించాను. రాత్రి ఆమె మోకాళ్లకు మందు రాసుకుంటుంటే, నేను మరునాటి వేళలు సరిచూసుకుంటున్నాను.

మూడవ రోజు సోమవారం. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) సమాధి ఉన్న ప్రాంతానికి వెళ్లాము. కాన్‌స్టాంటినోపుల్ ముట్టడికి సాగిన సైన్యంతో వృద్ధాప్యంలో బయలుదేరి, అక్కడే కన్నుమూసిన సహాబీ ఆయన. నా పట్టికలో ఆ చోటికి 45 నిమిషాలు!

అమ్మీ సలాం చెప్పి, దుఆ చేసి, ప్రాంగణంలోని చెట్టు నీడన కూర్చున్నది. పక్కనున్న వృద్ధురాలొకామె సంచిలోంచి మిఠాయి తీసి ఆమె చేతిలో పెట్టింది. ఒకరి భాష ఒకరికి తెలియదు. కాని ‘సలాం’, ‘దుఆ’, ‘ఖబూల్’ అనే మాటలు ఇద్దరివీ. వాటితోనే వారి సంభాషణ సాగుతోంది.

“లేవండి అమ్మీ, వేళయింది” అన్నాను.

“జొహ్ర్ నమాజు ఇక్కడే చేసుకుందాం బేటా.”

“కుదరదు. తోప్‌కాపీ రాజప్రాసాదం చూడాలి. రేపు మంగళవారం, మూసి ఉంటుంది.”

నా గొంతులోని కటుత్వానికి ఆ వృద్ధురాలు తల దించుకున్నది. అమ్మీ చేతికర్ర అందుకుంటూ మెల్లగా అన్నది: “నాకు ఊరు చూపించడానికి తెచ్చావా, గడియారం చూపించడానికా?”

బదులు చెప్పలేకపోయాను. ఆ క్షణంలోనే, మేమెవరి సమాధి వద్ద ఉన్నామో గుర్తొచ్చింది. దైవప్రవక్త (సల్లం) మదీనాలో అడుగుపెట్టిన రోజున ప్రతి ఇంటివారూ తమ వద్దనే బస చేయమని ఒంటె పగ్గం పట్టుకోబోయారు. దానిని వదిలేయండి, దానికి దైవాజ్ఞ అయి ఉన్నదని ఆయన వారించారు. పగ్గం వదిలిన ఆ ఒంటె ఆగినది ఈ అబూ అయ్యూబ్ (రజి) ఇంటి సమీపంలోనే. ఆయన చెంతకు వచ్చి కూడా నేను నా పగ్గాన్ని బిగించి పట్టుకున్నాను.

“కూర్చోండి అమ్మీ” అంటూ నేనూ కూర్చున్నాను. జొహ్ర్ జమాఅత్‌లో స్థానిక ఇమాము వెనుక నాలుగు రకాతులు పూర్తిగా చేశాము. సాయంత్రం బసలో అస్ర్‌ను ఖస్ర్‌గా రెండు రకాతులు చేస్తూ సిగ్గుపడ్డాను. బాటసారి అలసట ఎరిగి అల్లాహ్ తన విధిలోనే సగం భారం తగ్గించాడు. నేనేమో కన్నతల్లికి ఒక్క గడియైనా తగ్గించలేకపోయాను.

మరునాటి నుంచి నమాజు వేళలే మా పట్టిక అయ్యాయి. రెండు నమాజుల మధ్య ఒకే ప్రదేశం, అది కూడా అమ్మీ ఓపికను బట్టి. ఒక మధ్యాహ్నమంతా నౌకలో బాస్ఫరస్ దాటి ఉస్కుదార్ ఒడ్డున టీ తాగుతూ కూర్చున్నాము. తోప్‌కాపీ చివరికి చూడనే లేదు. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది, లేదని చెప్పను. కాని అమ్మీ ముఖంలో ఆ రోజుల్లో కనిపించిన నెమ్మది దానికన్నా విలువైనది.

రేపు ఫలానా పని చేస్తానని అనేటప్పుడు అల్లాహ్ తలిస్తేనే అని చెప్పుకోవాలని సూరయె కహఫ్ మనకు నేర్పుతుంది. పట్టిక రాసేటప్పుడు ‘ఇన్‌షాఅల్లాహ్’ అని నేనూ అన్నాను, కాని నోటితో మాత్రమే. పెద్దలను వెంటబెట్టుకొని ఉమ్రాకో, విదేశాల్లోని బిడ్డల వద్దకో వెళ్లే సోదర సోదరీమణులు ప్రతి దినంలో సగమైనా ఖాళీగా ఉంచుకోవాలని నా విన్నపం. ఆ సగాన్ని ఎలా గడపాలో పెద్దలనే అడగండి.

ఇస్తాంబుల్‌లో ఏం చూశారని చుట్టాలు అడిగితే అమ్మీ మసీదుల గురించి కన్నా ముందు ఆ చెట్టు నీడ గురించే చెబుతుంది. పేరైనా తెలియని ఆ వృద్ధురాలి కోసం నేటికీ నమాజు తరువాత చేతులెత్తి దుఆ చేస్తుంది.