దానిమ్మ గింజలు, మేస్త్రి అడ్వాన్సు

గ్రీకుల పంటల తల్లి డిమీటర్ కథ ఎవరు చెప్పినా చివర ఒక ముక్క తగిలిస్తారు, చలికాలం ఎందుకొస్తుందో చెప్పుకోవడానికి పాతకాలం వాళ్లు అల్లుకున్న కథ అని. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పాలమూరులో పుట్టినవాళ్లెవరూ ఆ మాట రాయరు.

తండ్రి జియూస్ తల్లికి మాటమాత్రమైనా చెప్పకుండా బిడ్డ పెర్సెఫొనీని పాతాళరాజుకు ఒప్పుకున్నాడు. అసలు కథ అక్కడుంది. పూలు కోసుకుంటున్న పిల్ల కాళ్లకింద నేల చీలింది. తల్లి తొమ్మిది రోజులు తిండి ముట్టక, నీళ్లు పోసుకోక, దివిటీలు పట్టుకుని తిరిగింది. ముసలమ్మ వేషంలో ఎల్యూసిస్ ఊరి బావి దగ్గర కూలబడి, చివరికి ఆ ఊళ్లో ఒకరింట్లో పసివాణ్ణి సాకే పనికి కుదిరింది. తర్వాత పంతం పట్టి, నేలలో ఒక్క గింజ మొలవనివ్వలేదు. దేవుళ్లకు నైవేద్యాలు ఆగిపోతే గానీ జియూస్ దిగిరాలేదు. కానీ అప్పటికే పిల్ల పాతాళంలో దానిమ్మ గింజ తినేసింది. తిన్నది గనక ఏటా మూడోవంతు కాలం అక్కడికి పోవాల్సిందే.

మా పాలమూరులో కూలీలను గుంపుగా వలస తీసుకుపోయే గుంపు మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు సరిగ్గా ఆ దానిమ్మ గింజే. వానలు మొహం చాటేసిన ఏడు మేస్త్రి తండాకొచ్చి చేతిలో పైసలు పెడతాడు. పాత బాకీకో బిడ్డ పెండ్లికో అవి అయిపోతాయి. ఇక పోక తప్పదు. కట్ట ఎక్కడ పోస్తే అక్కడ, కాలువ ఎక్కడ తవ్వితే అక్కడ పాలమూరు లేబర్. నారాయణపేట వైపు బొంబాయి బస్సు కదిలే వేళ చూడాలి. బస్సు మీద మూటలు, జొన్నపిండి సంచులు, లోపల మొగుడూ పెండ్లాలు. కింద ముసలమ్మ, చంకలో మనవరాలు. పిల్ల కిటికీకి చేతులు చాస్తుంటే ముసలమ్మ దాని మొహం తన మెడలోకి తిప్పుకుంటుంది. మళ్లీ మృగశిర కార్తె దాకా ఆ పిల్లకు తల్లీ తండ్రీ ఆమే. దీన్ని ఋతువుల కథ అంటే నేనొప్పుకోను.

తండ్రి చేసిన పాపం మన కథలోనూ ఉంది. తండ్రి దక్షుడి యజ్ఞంలో అవమానం ఓర్వలేక సతి ప్రాణం విడిచింది. ఇక్కడ తిరిగింది తల్లి కాదు, శివుడు. భుజాన శవంతో తిరిగాడు. ఆ శవం ముక్కలై రాలినప్పుడు ఆమె పై పళ్లు పడిన చోటు మన అలంపురం అంటారు. అక్కడ జోగులాంబగా వెలిసిన ఆమె గుడి పద్నాలుగో శతాబ్దంలో ధ్వంసమైతే, అమ్మవారు బాలబ్రహ్మేశ్వరాలయంలో ఆరువందల ఏళ్లు తలదాచుకుంది. 2005లో గానీ తన గుడికి తిరిగి రాలేదు. ఆమె ఉగ్రం చల్లబడాలని గుడి చుట్టూ నీళ్లు నిలిపారు. నన్నడిగితే ఆ ఉగ్రం అలాగే ఉండాలి. ఇల్లు వదిలి ఇన్నేళ్లున్న తల్లికి ఆమాత్రం కోపం ఉండొద్దా? అమ్మవారి జుట్టులో తేలు, బల్లి, పుర్రె చూసి పిల్లలు జడుసుకుంటారని కొందరి బెంగ. మా రాళ్ల చేలల్లో తేలును చూడని పిల్లలెక్కడున్నారు!